ఆవిడని అడిగి చెప్తాను

పరుపుల వ్యాపారి చెప్పులు విప్పి, కొత్త పికప్ వెనక బాడీలోకి ఎక్కి, వెల్లకిలా పడుకున్నాడు.

"అదేంటి సార్!" అన్నాడు సేల్స్‌మన్ కంగారుగా.

"డబుల్ కాట్ పరుపు నాకంటే జానెడు పొడుగు. పడుతుందో లేదో చూడొద్దూ?" కాళ్లు బారజాపి, నెత్తి మీద ఎంత చోటు మిగిలిందో చేత్తో తడిమి చూసుకుని, "పడుతుంది" అని తేల్చాడు వ్యాపారి.

సేల్స్‌మన్‌కి ప్రాణం లేచి వచ్చింది. ఉద్యోగంలో చేరి నెల కావస్తోంది, ఇంతవరకూ ఒక్క బండీ అమ్మలేదు. ఇవాళ నెలాఖరు. షోరూం మూసేలోగా బోణీ కాకపోతే రేపటి నుంచి గోడౌన్‌లో నట్లూ బోల్టులూ సర్దుకోవలసిందేనని మేనేజర్ మేడమ్ పొద్దున్నే చెప్పేసింది. ఆవిడ మాటంటే మాటే.

వ్యాపారికీ అవసరం తక్కువేం కాదు. పాత ఆటో నెత్తిన పరుపులు కట్టి పంపిస్తున్నాడు. మొన్న ఒకటి జారి మురిక్కాలవలో పడింది. దాన్ని బయటికి లాగడానికి నలుగురు దిగాల్సి వచ్చింది, కొన్నవాళ్లు మాత్రం మళ్లీ ఆ పరుపు ముఖం చూడలేదు.

బండి నచ్చింది. తెలుపు రంగూ నచ్చింది. ఇక మిగిలింది బేరం.

"ముప్ఫై వేలు తగ్గించు తమ్ముడూ. రాసేసుకుందాం."

"అంత నా చేతిలో లేదు సార్. మేడమ్‌ని అడిగి చెప్తాను."

మేడమ్ గది షోరూం చివర ఉంది. గాజు గోడలే కానీ, సగం ఎత్తు దాకా రంగు కాగితం అంటించి ఉంటుంది. లోపలివాళ్ల జుట్టు తప్ప ఇంకేమీ కనిపించదు.

మేడమ్ ఫైల్లోంచి తలెత్తలేదు. "పది. అంతకు మించి మా ఆయన వచ్చి అడిగినా తగ్గించనని చెప్పు."

సేల్స్‌మన్ వచ్చి ఆ సంగతి చెప్పాడు, మొగుడి మాట మినహాయించి.

"పదేనా! అయితే నేనూ మా ఆవిడని అడిగి చెప్తాను" అంటూ వ్యాపారి ఫోన్ తీసుకుని వాకిట్లోకి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి గొంతు పెరిగింది.

"ఇరవైకి ఒక్క రూపాయి తక్కువైనా లేచి వచ్చేయమంది. అయినా ఈ తెల్ల బండి వానాకాలం నుంచీ ఇక్కడే పడి ఉందట కదయ్యా?"

సేల్స్‌మన్ నోరు వెళ్లబెట్టాడు. "ఆవిడకి ఎలా తెలుసు సార్?"

"మా ఆవిడకి తెలియందంటూ ఉండదు" అన్నాడు వ్యాపారి. అందులో గర్వం ఎంతుందో భయమూ అంతే ఉంది.

సేల్స్‌మన్ మళ్లీ గాజు గదికి పరిగెత్తాడు.

"వాళ్లావిడ మహా గడుసుది మేడమ్! ఇంట్లో కూర్చునే మన బండి జాతకం చెప్పేసింది."

మేడమ్ ముఖం మీద చిన్న నవ్వు మెరిసి మాయమైంది. "సరే, పదిహేను. అదే ఆఖరు. ఆయనకి టీ ఇప్పించు. పంచదార వెయ్యకు."

గాజులోంచి ఒక్క చూపుకే ఆయనకి షుగర్ ఉందని పసిగట్టేసింది! అనుభవమంటే ఇదీ, అనుకున్నాడు సేల్స్‌మన్ భక్తిగా.

ఇంకా ఐదు వేలు తేడా ఉంది. ఇద్దరూ పికప్ వెనక తలుపు దించి, దాని మీద కూర్చుని టీ తాగారు.

"నా మటుకు నేనైతే ఆ ఐదూ ఇచ్చేసేవాణ్ణి" అన్నాడు వ్యాపారి నిట్టూర్చి.

"నా మటుకు నేనైతే తగ్గించేసేవాణ్ణి సార్. కానీ మా మేడమ్ సంగతి మీకు తెలీదు. మొన్న చొక్కా గుండీ ఊడిందని అందరి ముందూ కడిగేసింది."

"గుండీకేనా? తడి తువ్వాలు మంచం మీద పడేశానని నా చేత వారం రోజులు బట్టలు మడత పెట్టించింది మా ఆవిడ."

"మనిద్దరి తలరాతా ఒకటే సార్!"

వ్యాపారికి టీ గొంతుకి అడ్డం పడింది. ఆ మూల కౌంటర్‌లో క్యాషియర్‌కి కూడా ఎందుకో దగ్గు వచ్చింది.

తర్వాత సేల్స్‌మన్ రెండు సార్లు లోపలికి వెళ్లొచ్చాడు. వ్యాపారి రెండు సార్లు వాకిట్లోకి వెళ్లొచ్చాడు. మేడమ్ ధర దిగలేదు, వాళ్లావిడ ధర ఎక్కలేదు. వాచ్‌మన్ వచ్చి షట్టర్ సగం దించాడు. సేల్స్‌మన్ కళ్ల ముందు నట్లూ బోల్టులూ తిరిగాయి.

"ఇలా లాభం లేదు సార్. మీరు మా మేడమ్‌తో మాట్లాడండి. నేను మీ ఆవిడతో మాట్లాడతాను."

వ్యాపారి ముఖం పాలిపోయింది. "వద్దు తమ్ముడూ! నీకు పుణ్యముంటుంది, ఆవిడ జోలికి వెళ్లకు."

"నా ఉద్యోగం సార్! కాళ్లైనా పట్టుకుంటాను. అమ్మగారిది మాత్రం మనసు కాదా?"

వ్యాపారి అడ్డుపడేలోగా అతని చేతిలోని ఫోన్ లాక్కుని, ఆఖరుగా మాట్లాడిన నంబర్ నొక్కేశాడు. ఫోన్ కుడి చెవికి ఆనించుకుని, "నమస్కారం అమ్మగారూ" అనడానికి గొంతు సవరించుకున్నాడు.

గాజు గదిలో ఫోన్ మోగింది, ఆ వెంటనే, "ఏవండీ, ఆ ఐదు వేలూ ఒప్పుకున్నారో, ఇవాళ మీకు ఇంట్లో అన్నం లేదు!" అన్న మాట సేల్స్‌మన్ రెండు చెవుల్లోనూ ఒకేసారి వినబడింది.