మూడు తాపీ దెబ్బలు

1996లో వేలూరు కాలేజీ కుర్రాళ్లు నా రాక్ పాటకు పడీపడీ నవ్వేవారు. నీళ్ల సంపులోకి దిగి, పైకి రావడం మరిచిపోయిన మేస్త్రీ పాట అది. చరణం చివర గిటారు ఆగేది. టక్, టక్, టక్. మళ్లీ నవ్వులు.

ఆ మేస్త్రీ మా మామ కృష్ణప్ప అని ఎవరికీ చెప్పలేదు.

గుడియాత్తంలో తన ఇంటి కొత్త సంపుకు పూత వేయడానికి ఆయన దిగినప్పుడు, పైన కాపలా నేనే. గిటారు తీగలు బిగించుకుంటూ కూర్చున్నాను. లోపల తాపీ పిడితో గోడను కొడుతున్న చప్పుడు. పూత గుల్లగా ఉందేమో చూసుకుంటున్నాడనుకున్నాను. మేస్త్రీలందరూ అలాగే చూస్తారు. ఊపిరాడక నన్ను పిలిచాడని శవాన్ని పైకి తీశాక తెలిసింది.

ఈ రాత్రి అత్త వరదమ్మ అదే ఇంట్లో నా క్యాసెట్ పెట్టించుకుని విన్నది. నవ్వలేదు.

"ఆ కొట్టేది ఎవురు నాయనా?"

"నేనే అత్తా. గిటారు చెక్క మీద."

టేపు ఆపేశాను. పెరట్లో సంపు మూత కింద చప్పుడు మాత్రం ఆగలేదు.

అత్త లాంతరు నా చేతికిచ్చింది.

"ఈసారన్నా పొయ్యి చూడు నాయనా."