తలకిందుల అట్ట

"షోకేసులో అట్ట తలకిందులుగా పెట్టారు. అంటే ఈ ఆదివారం ఉన్నట్టేగా? ఎన్నింటికమ్మా?"

పై వాటాలో ఉండే పెద్దాయన అలా అడిగేసరికి అక్క చేతిలో రికార్డు జారినంత పనైంది.

షాపుకొచ్చే వాళ్ళంతా ఆమెని అక్క అనే పిలుస్తారు. ఆ రికార్డుల షాపు ఆమె తమ్ముడు పెట్టింది. తమ్ముడు పోయాక ఆమెకి ఏడుపూ రాలేదు, నవ్వూ రాలేదు. పొద్దున షట్టర్ ఎత్తడం, రాత్రికి దించడం, అంతే.

షాపు కింద సెల్లార్ ఉంది. ఏ హాలువాళ్ళూ గుమ్మం ఎక్కనివ్వని బ్యాండ్లన్నీ ఆదివారం సాయంత్రాలు అక్కడే వాయిస్తాయి. పర్మిషనా, పాడా! పోస్టర్లు కూడా ఉండవు. షోకేసులో ఒక రికార్డు అట్ట తలకిందులుగా కనిపిస్తే ఆ వారం ప్రోగ్రాం ఉన్నట్టు.

ఆ గుట్టు ఈయనకెలా తెలిసింది? ఇంతవరకూ ఒక్క రికార్డు కొన్న పాపాన పోలేదు.

"పొరపాటున పెట్టినట్టున్నానండీ. ఈ వారం ఏం లేదు," అంది అక్క.

"లేదా? అయితే మా చెల్లెలింటికి వెళ్ళొస్తా," అంటూ ఆయన వెళ్ళిపోయాడు.

గిటారు వాయించే బండోడు అంతా విన్నాడు.

"అక్కా, ఈయన పోలీసులకి ఉప్పందించే రకం. లేకపోతే టైమెందుకు ఈయనకి?"

నిజమే అనిపించింది. అక్క అట్టని తిన్నగా పెట్టేసింది. ప్రోగ్రాం ఉందన్న కబురు మాత్రం ఫోన్లలో వెళ్ళింది.

ఆదివారం పాట అందుకున్నారో లేదో పోలీసులు దిగారు. యాంప్లిఫయర్లు జీపెక్కాయి.

"ఇంకోసారి దొరికారంటే ఈ సెల్లార్‌కి సీలే," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

సెల్లార్ పోతే షాపూ పోయినట్టే. రికార్డులు కొనేదే ఆ వాయించేవాళ్ళు, వినేవాళ్ళు. తమ్ముడిదంటూ మిగిలింది అదొక్కటే.

జీపు కదులుతుంటే పెద్దాయన సంచీ పట్టుకుని గేట్లోకి వచ్చాడు.

"వచ్చాడమ్మా, తమాషా చూడ్డానికి!" బండోడు పళ్ళు నూరాడు.

పెద్దాయన నేరుగా అక్క దగ్గరికే వచ్చాడు.

"లేదన్నావు కదమ్మా? నాతో ఒక్క మాట చెప్పుంటే బాగుండేది."

ఎంత పొగరు! చేసిందంతా చేసి, పైగా దెప్పడం కూడానా!

"మళ్ళీ మా షాపు గడప తొక్కకండి," అంది అక్క. ఆమెకి కోపం కూడా సరిగ్గా రాలేదు. రికార్డు రేటు చెప్పినట్టు చెప్పింది.

ఆయన మళ్ళీ తొక్కలేదు. మెట్ల దగ్గర ఎదురైతే గోడవైపు తప్పుకునేవాడు. ఆదివారాలు మాత్రం ఇల్లు కదిలేవాడు కాదు.

కొన్నాళ్ళకి సెల్లార్లో పాట మళ్ళీ మొదలైంది. పోలీసులు రాలేదు.

"చూశావా అక్కా? ఒక్క మాట అనేసరికి నోరు పడిపోయింది," అన్నాడు బండోడు.

ఒకరోజు పొద్దున పెద్దాయన్ని స్ట్రెచర్ మీద కిందికి దించారు. ముఖం మీద దుప్పటి కప్పేశారు. అక్క ఒకసారి చూసి, షట్టర్ ఎత్తుకుంది.

"పీడా విరగడైంది!"

బండోడి మాట వింటూనే ఆమె రికార్డుల మీద దుమ్ము తుడిచింది.

ఆ ఆదివారమే పోలీసులొచ్చారు. అందర్నీ బయటికి పంపి, సెల్లార్‌కి తాళం వేసి, లక్క కరిగించారు.

అక్క చూస్తూ నిలబడింది. లోపల ఏదో కదలాలి. ఏదీ కదల్లేదు.

"ఈసారి ఎవరు చెప్పారు సార్? చెప్పే ఆయన పోయాడుగా?"

"ఎవరు, పైనాయనా?" ఇన్‌స్పెక్టర్ వింతగా చూశాడు. "ఫిర్యాదు చేసేది ఎదురు బిల్డింగ్ వాళ్ళమ్మా. మీరు వాయించిన ప్రతి ఆదివారం చేస్తారు."

"మరి ఇన్నాళ్ళూ రాలేదేం?"

"రాకేం, వచ్చేవాళ్ళం. ఆయన గేటు దగ్గరే అడ్డం పడి, 'ఆ చప్పుడు నా రేడియోది బాబూ, చెవుడు కదా, పెద్దగా పెట్టేశాను' అనేవాడు. అబద్ధమని నాకూ తెలుసు. కానీ తప్పు నాదని ఒప్పుకునే మనిషి ఎదురుగా ఉంటే ఏం చేస్తాం? నాలుగు తిట్టి పోయేవాళ్ళం. మీరు వాయించినప్పుడు ఆయన ఊళ్ళో లేనిది ఒక్కసారే."

అక్క తలెత్తి పై వాటా వైపు చూసింది. "ఎందుకలా చేశాడు?"

"నేనూ అడిగాను," అన్నాడు ఇన్‌స్పెక్టర్, వేలికంటిన లక్క గోక్కుంటూ. "వాళ్ళు ఆపేస్తే నా ఇంట్లో మనుషుల చప్పుడే ఉండదు బాబూ, అన్నాడు."