పేకెట్టు అయ్యేలోపు

“ఓలమ్మీ, ఆ పేకెట్టు ఇలాగియ్యి,” అంది నూకాలు, మంచం మీంచి చెయ్యి చాపి.

ధనశ్రీ తప్పక లేచింది. కాఫీ మిషను పక్కనున్న అట్టపెట్టె తీసి అత్తగారి చేతిలో పెట్టింది. నూకాలు లోపలికి రెండు వేళ్లు దూర్చి తడిమింది.

“ఒక్కటే తగుల్తందేటే?”

“మిగతావి అడుక్కి అంటుకుపోయాయత్తా. బోలెడున్నాయి.”

పెట్టె చటుక్కున లాక్కుని, ఉన్న ఆ ఒక్క వడకాగితాన్నీ మిషను గరాటులో అమర్చింది ధనశ్రీ. టోపీలా విచ్చుకున్న కాగితంలో కాఫీపొడి పోసి స్విచ్ నొక్కింది. రేపటికి ఏం చెయ్యాలో ఆమెకి తోచలేదు.

ఆ మిషను ధనశ్రీ భర్త మోహన్ తెచ్చింది. సరుకుల ఓడలో ఖలాసీ. కాఫీ అంటే చెవి కోసుకునే తల్లి కోసం సింగపూర్లో కొని, కంచరపాలెం దాకా ఒళ్లో పెట్టుకుని తీసుకొచ్చాడు. మళ్లీ ఓడెక్కేముందు పేకెట్టు చూపించి, “రోజుకో కాగితమేనమ్మా. ఇది అయ్యేలోపు నీ ముందుంటాను,” అన్నాడు. ఆ రోజు నుంచి నూకాలుకి ఆ పేకెట్టే కేలండరు.

అసలు పేకెట్టు ఎప్పుడో ఖాళీ అయింది. తుఫానులో ఓడ మునిగిందనీ, వెతకడం కూడా ఆపేశారనీ మోహన్ స్నేహితుడు గోపి వీధి కుళాయి దగ్గర ధనశ్రీకి చెప్పాడు. నూకాలుకి అప్పటికే ఒకసారి గుండెపోటు వచ్చింది. ఇంకో దెబ్బ తగిలితే మనిషి దక్కదన్నాడు డాక్టరు. అందుకే ధనశ్రీ ఏడుపు మింగేసింది. బజార్లో వడకాగితాలు కొని, అత్త నిద్రపోతున్నప్పుడు పాత పెట్టెలో నింపుతూ వచ్చింది.

“బజారుకెల్తన్నావా?” అంది నూకాలు, గ్లాసు కింద పెడుతూ. “గాజులు తెచ్చుకో. ఎర్రవి. సేతులు బోసిగా ఉన్నాయి.”

“నాకెందుకత్తా ఇప్పుడు?”

“మొగుడొచ్చేసరికి ఇలాగే ఉంటావేటే?”

ధనశ్రీ మొహం తిప్పుకుంది. “సేపలు తేనా?”

“వద్దు. ఆ వాసన పడ్డంలేదు.”

చేప లేకుండా ముద్ద దిగని మనిషి ఈమధ్య చేప పేరెత్తితేనే చేతులూపుతోంది. మందుల ప్రభావం అనుకుంది ధనశ్రీ. గుమ్మం దాటుతూ వెనక్కి చూస్తే, నూకాలు ట్రంకుపెట్టె మూత ఎత్తి మోహన్ తెల్లచొక్కా తీస్తోంది. ఊడిన బొత్తానికి బదులు నీలం బొత్తాం ఆవిడే కుట్టింది. వాడొచ్చిన రోజున తొడుక్కోవాలని దాచింది. దాన్ని కోడల్ని కూడా ముట్టుకోనివ్వదు.

ఓడల మీది సరుకు అమ్మే గవర్రాజు కొట్టు పోర్టు దగ్గరుంది. ఆ కాగితాలు ఇన్నాళ్లూ అక్కడే దొరికాయి.

“అయిపోయాయమ్మా,” అన్నాడు గవర్రాజు.

“మళ్లీ ఎప్పుడొస్తాయి?”

“ఇంక తెప్పించను. ఇశాపట్నం మొత్తం మీద ఆటిని కొనేది నువ్వొక్కర్తివే. నీ ఒక్కర్తి కోసం ఓడ రప్పించమంటావా?”

తనకి ఏ ఓడ రావాలో అతనికేం తెలుసు? ధనశ్రీ అక్కణ్నుంచి జగదాంబ సెంటర్లోని పెద్ద కొట్టుకి వెళ్లింది. అక్కడి సేల్స్‌మాన్ స్టీలు ఫిల్టరు చూపించాడు.

“ఇది కొనండి మేడమ్. జన్మలో కాగితం అక్కర్లేదు.”

పూర్ణా మార్కెట్లో గిన్నెలమ్మే కనకరత్నం పడీపడీ నవ్వింది. “కాపీకి కాయితమేటమ్మా, సోకు కాకపోతే! పాతగుడ్డలో వడగట్టుకో!”

చుట్టుపక్కలవాళ్లు కూడా నవ్వారు. కావలసింది కాఫీ కాదని, కాగితాలేనని ఎవరికి చెప్పుకోవాలి?

బస్టాపు పక్కన ఎస్టీడీ బూత్ దగ్గర గోపి కనిపించాడు. ఆమె మొహం చూడగానే అతనికి అర్థమైపోయింది.

“దొరకలేదా ఒదినా? ఎన్నాళ్లిలాగ? సెప్పేద్దాం.”

“సెప్తే సచ్చిపోద్ది గోపీ.”

“దాసి దాసి నువ్వు సచ్చిపోతన్నావు.”

ధనశ్రీ గాజుల బండి వైపు నడిచింది. ఖాళీ చేతులతో వెళ్తే అత్త ఆరా తీస్తుందని ఎర్రగాజులు కొంది. గాజులబ్బి వాటిని చేతులకి తొడిగాడు. బస్సులో కూర్చున్నాక, ఇంక తన వల్ల కాదని తేలిపోయింది. ఇంటికెళ్లి నిజం చెప్పాలి. తర్వాత డాక్టరు, దేవుడు, ఎవరు కాపాడితే వాళ్లే.

ఇంటికొచ్చేసరికి నూకాలు గోడవైపు తిరిగి పడుకుని ఉంది. మంచం కింద కత్తెర, వల అల్లే నైలాన్ దారపు ఉండ పడి ఉన్నాయి. కత్తెర తీసి గూట్లో పెట్టి, ధనశ్రీ పక్కన కూర్చుంది.

“అత్తా, నీకో మాట సెప్పాలి.”

“గాజులు తొడుక్కున్నావా?”

“తొడుక్కున్నాను.”

“ఇంక తియ్యకు.”

“అత్తా, పేకెట్టు అయిపోయింది…”

“అయిపోలేదే,” అంది నూకాలు ఇటు తిరక్కుండానే. “ఉన్నాయి సూడు. కాపీ పెట్టు.”

ధనశ్రీ లేచి పెట్టె అందుకుంది. బరువుగా ఉంది. లోపల ఒక దొంతర. తీసి దీపం కింద పట్టుకుంది. కాగితాలు కావు, తెల్లటి గుడ్డ. అచ్చం వడకాగితాల ఆకారంలోనే కత్తిరించి, అంచులు నైలాన్ దారంతో కుట్టి ఉన్నాయి.

అట్టడుగున ఉన్నదానికి నీలం బొత్తాం ఇంకా వేలాడుతోంది.