చింతమొద్దు

ఇప్పుడు ఎవరికి వాంతులైనా, ఆ క్రిమి ఏ పశువుల దొడ్డి నుంచి వచ్చిందో వార్డు ఆస్పత్రి యంత్రం గంటలో చెప్పేస్తుంది. నా కొట్టు మాంసం తిని ఒకావిడ చనిపోతే అది నాకు పందుల్నమ్మే నాంచారి దొడ్డిదంది. నాంచారి నలభై పందుల్నీ చంపి పూడ్చారు. నా కొట్టు నిలిచింది.

అయినా గుబులు పుట్టి, మాంసం కొట్టే చింతమొద్దును గీకి దొంగచాటుగా పరీక్ష చేయించాను. స్టీలు బల్ల మీద కత్తి మొండిబారుతుందని, చెక్కవి నిషేధించినా దాచుకున్న మొద్దు అది. అందులోనూ అదే క్రిమి, ఆరేళ్ల పాతదని, పందులకు సోకకముందు నుంచే ఉందని తేలింది. దాని మీది మాంసపు తుక్కునే నాంచారి రోజూ పందులకు మేతగా తీసుకెళ్లేది.

"నా పందిబిడ్డలకిది యాడ తగిలిందయ్యా?" అని నాంచారి అడిగింది.

"గాలికి వచ్చుంటాదిలే" అన్నాను.

"రేపు రెండు పందికూనల్ని తెచ్చుకుంటా. తుక్కు ఇంకెవరికీ ఇయ్యమాకయ్యా."

"నీకేలేమ్మా" అంటూ మొద్దు మీద గోనెపట్టా కప్పాను.