నలభై చుట్ల పాట

"మీ అమ్మ పాటని ఎవరికిచ్చేశావు?"

క్యారేజీ బల్ల మీద పెడుతున్న కూతురు ఆ మాటకి ఆగిపోయింది. ఏ పాట అంది. మెకానిక్, ఫ్యాను రిపేరుకిచ్చి బయట బెంచీ మీద కూర్చున్న పెద్దమనిషిని పిలిచి, ఇందాక చూస్తున్నది మళ్లీ పెట్టమన్నాడు. ఆయన సంబరంగా ఫోను ఇటు తిప్పాడు.

నల్ల కళ్లజోడు పెట్టుకుని ఒక పిల్ల మేడ మీద గెంతుతోంది. వెనక ఇరవై మంది. చరణం చివర అందరూ బొమ్మల్లా బిగుసుకుపోయి, ఒక ఊపిరంత సేపు ఆగి, మళ్లీ గెంతుతున్నారు. ఊరంతా ఇప్పుడు ఆ ఆగుడే. బడి పిల్లలు రోడ్డు దాటుతూ ఆగుతున్నారు. సెలూన్‌లో కత్తెర గాల్లో పెట్టి ఆగుతున్నారు.

ఆ ఆగుడు ఎక్కడిదో మెకానిక్‌కి తెలుసు. అతని భార్య ఈ షాపులోనే చేతిమిషను తిప్పుతూ ఫ్యాన్లకి రాగి తీగ చుట్టేది. లెక్క తప్పకుండా తనే ఒక పాట కట్టుకుంది. చరణానికి నలభై చుట్లు. నలభై కాగానే తీగని పక్క గాడిలోకి మార్చాలి గనక పాటా చెయ్యీ ఒక్కసారే ఆగేవి. సంగీతం నేర్చినవాడికి ఆ చోట ఆగాల్సిన పనే లేదు. తీగ చుట్టే మనిషికే ఉంది.

"ఈ పాట ముగ్గురికి తెలుసు," అన్నాడు. "ఒక మనిషి పోయి పదహారేళ్లయింది. నేను నోరు విప్పలేదు. ఇంకెవరున్నారో నువ్వే చెప్పు."

కూతురు పెళ్లి వీడియోలు కత్తిరించి అతికే స్టూడియోలో పనిచేస్తోంది. పాటలవాళ్లూ డాన్సులవాళ్లూ అక్కడికి వస్తూ పోతూ ఉంటారు. అతనికి ఆ సాక్ష్యం చాలు.

"నాకు మొదటి చరణం దాటి గుర్తే లేదు నాన్నా. అప్పుడు నాకు ఏడేళ్లు."

"గుర్తులేనిదానివి, వినగానే కళ్లనీళ్లెందుకు పెట్టుకున్నావు?"

"అమ్మ గుర్తొచ్చి."

"కాదు. దొరికిపోయి."

పెద్దమనిషి మధ్యలో కల్పించుకున్నాడు. పాటలన్నాక ఎక్కడెక్కడివో వచ్చి కలుస్తుంటాయి, తన చిన్నప్పటి పాటలు కూడా ఇప్పుడు వేరే బట్టలేసుకుని తిరుగుతున్నాయి, పిల్లని ఏమీ అనకండి అన్నాడు. మీ ఫ్యాను రేపిస్తాను వెళ్లిరండి అని మెకానిక్ ఆయన్ని సాగనంపాడు.

కూతురు ఇంకో మాట అని చూసింది. ఎవరిచ్చినా గానీ, అమ్మ పాట ఇంతమంది నోళ్లలో ఆడుతోంది కదా, అందులో నష్టమేముంది అంది. అతని చెవికి అది ఒప్పుకోలులాగే వినిపించింది. ఆవిడ ఈ నాలుగు గోడల మధ్య, వార్నిష్ వాసనలో కూర్చుని పాడుకున్నదాన్ని పట్టుకెళ్లి నడుములూపుకోడానికి ఇచ్చావు అన్నాడు.

"షాపు తాళంచెవి అక్కడ పెట్టు. రేపట్నుంచి క్యారేజీ అక్కర్లేదు. నువ్వూ అక్కర్లేదు."

ఆమె తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. క్యారేజీ అతను తెరవలేదు.

మూడోరోజు అల్లుడొచ్చాడు. గుమ్మం దాటకుండానే, అయిదు నిమిషాలు ఇది చూడండి మామయ్యా, తర్వాత నన్ను కూడా పొమ్మందురుగాని అన్నాడు. రాయబారానికొచ్చాడనుకుని మెకానిక్ మొహం తిప్పుకున్నాడు గానీ ఫోను అప్పటికే మాట్లాడుతోంది.

ఆ వీడియో పాట కట్టినవాణ్ని ఎవరో కూర్చోబెట్టి ప్రశ్నలడుగుతున్నారు. ఈ బాణీకి ప్రేరణ ఎవరని అడిగితే అతను దాచలేదు. బాణీ తనది కాదన్నాడు. పాత సామాన్లవాడి దగ్గర కొన్న అట్టపెట్టెలో ఒక క్యాసెట్ దొరికిందట. ఆ గొంతు ఎవరిదో కనుక్కుందామని రెండేళ్లుగా తిరుగుతున్నాడట. తెలిసినవాళ్లుంటే చెప్పండి అని మీట నొక్కాడు.

మిషను గరగర. దగ్గు. ఆ తర్వాత ఆవిడ.

"ఏవండీ, ఆస్పత్రినుంచి నేను తిరిగి రాకపోతే మీరు చుట్ల లెక్క తప్పుతారు. ఇది పెట్టుకుని తిప్పండి. పాట అయ్యాక నాలుగు మాటలు కూడా చెప్పాను. విసుక్కోకుండా చివరిదాకా వినండి."

మెకానిక్ నోట వచ్చిన మాట మెత్తగా లేదు.

"విన్నావా అల్లుడూ? నాకోసం పెట్టిన టేపు. పదహారేళ్లు నా చేతికి రానివ్వలేదు నీ పెళ్లాం. పాట ఒక్కటే పోయిందనుకున్నాను. ఆవిడ ఆఖరి మాట కూడా అమ్మేసింది."

"ఏడేళ్ల పిల్ల, మామయ్యా."

"ఏడేళ్లకే అంత నేర్చింది."

అల్లుడు ఫోను అతని కళ్లకి ఇంకాస్త దగ్గరగా పెట్టాడు. పాట కట్టినవాడు క్యాసెట్‌ని కెమెరా ముందు నిలబెట్టి పట్టుకున్నాడు. దాని మీద అంటించిన కాగితం ముక్క మీద, వార్నిష్ వేలిముద్ర పక్కన, మెకానిక్ తన చేతిరాతని తనే చదువుకున్నాడు: "ఏమీ లేదు. పారెయ్యొచ్చు."