ముందే పడిన సంతకం

మందు ఇచ్చాకే చార్టులో సంతకం పెట్టాలి. పదకొండేళ్లుగా ఆ నర్సు ఒక్కసారైనా ముందుగా పెట్టలేదు. అందుకే ఆ రాత్రి, రెండు గంటల ఇంజక్షన్ ట్రేలో పెట్టుకుని వచ్చి ఆరో మంచం చార్టు తెరవగానే ఆమె ఆ పేజీని దీపం దగ్గరకు జరిపి మళ్లీ చూసింది. రెండు గంటల గడిలో తన సంతకమే ఉంది. సిరా ఇంకా ఆరలేదు.

వార్డులో ఆమె తప్ప వేరే నర్సు లేదు. అదే మందు రెండోసారి పడితే మంచం మీది ముసలామె ఊపిరి ఆగిపోతుంది.

"బామ్మగారూ, మీకు ఇంజక్షన్ ఎవరైనా ఇచ్చారా?"

"నువ్వే కదే ఇందాక పొడిచావు! ఈ వయసుకే అంత మతిమరుపా? నీకంటే నేనే నయం," అని బామ్మ నవ్వింది. "వెళ్లి చేతులు కాచుకో తల్లీ. మంచుగడ్డల్లా ఉన్నాయి."

నర్సు అరచేతులు చెంపలకు ఆనించుకుంది. వెచ్చగానే ఉన్నాయి.

ఎక్కడా చప్పుడు లేదు. అంతలో తెర అవతల, ఏడో మంచం మీది కాలేజీ పిల్ల నిద్రమత్తులో మూలిగింది.

"అబ్బా, నీ చెయ్యి ఎంత చల్లగా ఉందక్కా!"

ఏడో మంచానికి డాక్టరు ఏ ఇంజక్షనూ రాయలేదు.