మూడో మంచం మర్యాద

“కత్తెర కింద పెట్టు,” అంది పెద్ద సిస్టర్ గుమ్మంలోంచే.

చిన్న సిస్టర్ ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకుంది. అప్పుడే అంబులెన్సులోంచి దించిన ముసలాయనకి ఒళ్లు తుడుద్దామని, ఆయన కుడి మణికట్టుకున్న తెల్ల గుడ్డపేలికను కత్తిరించబోతోంది. బాగా మాసిపోయింది కదండీ అని నసిగింది.

“మాసింది నీ కంటికి. ఆయనకి అదేమిటో నీకు తెలుసా?”

తెలియదని ఒప్పుకుంది చిన్న సిస్టర్. నిజానికి పెద్ద సిస్టర్‌కీ తెలియదు. కానీ తెలియని చోట చెయ్యి పెట్టకూడదని ఆవిడ దెబ్బ తిని నేర్చుకుంది. ఆరేళ్ల కిందట ఇదే వార్డులో, స్కానింగుకి అడ్డమని ఒక ముసలమ్మ మెడలోని పూసల తాడును తనే పుటుక్కున తెంచింది. అది పోయిన భర్త తన చేత్తో కట్టినదని తర్వాత తెలిసింది. ముసలమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. మళ్లీ ఎవరితోనూ మాట్లాడకుండానే నాలుగోరోజున కన్నుమూసింది. అటు తిరిగిన ఆ వీపు ఇప్పటికీ పెద్ద సిస్టర్ కళ్లముందు మెదులుతూనే ఉంటుంది. తన చేతుల మీదుగా ఇంకెవరూ అలా పోకూడదని ఆవిడ ఒట్టు పెట్టుకుంది.

అందుకే ఆ వార్డు తీరే వేరు. అక్కడికి వచ్చేవాళ్లు నయమై వెళ్లడానికి రారు, బాధ లేకుండా వెళ్లడానికి వస్తారు. పది మంచాలు, పది రకాల మనుషులు. ఎవరి తల ఏ దిక్కుకి ఉండాలి, ఎవరిని ఆడవాళ్లే తాకాలి, ఎవరి ముందు చావు మాట ఎత్తకూడదు, అన్నీ ఆవిడ నోటుపుస్తకంలో ఉంటాయి. వేరే ఆసుపత్రుల వాళ్లు పనిగట్టుకుని చూడటానికి వస్తుంటారు. డాక్టరుగారు వాళ్లని వెంటబెట్టుకు తిప్పుతూ, అంతా తనే చేసినట్టు మురిసిపోతుంటారు.

మూడో మంచం పెద్దాయన గురించి రాద్దామంటే మాత్రం ఏమీ లేదు. బస్టాండులో పడిపోతే ఎవరో పెద్దాసుపత్రిలో చేర్చారు. ఇక లాభం లేదని తేల్చి వాళ్లు ఇక్కడికి పంపారు. వెంట వచ్చిన కాగితంలో జబ్బు పేరు ఉంది, దాని కింద ‘గొట్టాలు పీకేస్తాడు, జాగ్రత్త’ అని ఒక ముక్క ఉంది. ఈ వార్డులో అసలు గొట్టాలే పెట్టరు గనక ఆ ముక్కతో పనిపడలేదు. ఆయన భాష ఎవరికీ అంతుపట్టలేదు. ఫోనులో నలుగురి చేత నాలుగు భాషల్లో మాట్లాడించి చూశారు. ఆయన నలుగురికీ ఒకేలా తల అడ్డంగా ఊపాడు.

పెద్ద సిస్టర్ రెండు రోజులు కళ్లలో వత్తులు వేసుకుని చూసి సంగతి పట్టేసింది. ఆయన కుడి చెయ్యి కదపడు. మంచం కమ్మీకి ఆనించే ఉంచుతాడు. దానిమీద ఈగ వాలినా తోలుకోడు. జావ ఎడంచేత్తోనే తాగుతాడు. పక్షవాతమేమోనని ఫిజియోని పిలిపిస్తే, అతను నొక్కి చూసి, ఆ చేతిలో బలానికేం లోటు లేదని తేల్చాడు.

“అయితే మొక్కే,” అంది పెద్ద సిస్టర్. తలవైపు బోర్డు మీద తనే రాసింది: ‘కుడిచేతి కట్టు పవిత్రం. ముట్టరాదు. చెయ్యి కదపరాదు.’

ఆనాటి నుంచి ఒళ్లు తుడిచేటప్పుడల్లా కట్టు తడవకుండా ప్లాస్టిక్ సంచి చుట్టేవారు. దాని కొస జానెడు పొడుగున, కత్తెరతో కోసినట్టు నున్నగా ఉండి కిందికి వేలాడుతుండేది. నేలకి తగిలితే అపచారమని ఆవిడే రోజూ దాన్ని కమ్మీ చుట్టూ ఒక వరస తిప్పి, జారిపోకుండా సందులో దోపేది. ఆయన ఆ పని అంతా కళ్లప్పగించి చూసేవాడు. తర్వాత ఆవిడ మొహంలోకి చూసి, రోజూ అవే నాలుగు మాటలు మెల్లగా అనేవాడు. ఆవిడ చేతులు జోడించేది. ఆయన కళ్లు మూసుకునేవాడు.

ఆ పెద్దాయన దీవిస్తుంటే ఆరేళ్ల బరువు దిగిపోతున్నట్టుందని ఇంటికెళ్లి భర్తతో చెప్పుకుంది. చూడవచ్చిన వాళ్లకి డాక్టరుగారు ముందుగా మూడో మంచమే చూపించసాగారు. వాళ్లు బోర్డుకీ పెద్దాయనకీ ఫొటోలు తీసుకున్నారు. ఒకటి పేపర్లో కూడా పడింది.

పందొమ్మిదో రోజున మనవరాలు వచ్చింది. తాత కోసం తిరగని చోటు లేదట, పేపర్లో ఆ ఫొటో చూసి పరుగెత్తుకొచ్చింది. అప్పటికే ఆయన జావ మానేశాడు. ఇవాళో రేపో అని డాక్టరుగారు చెప్పేశారు.

పెద్ద సిస్టర్ ఆ అమ్మాయి భుజం మీద చెయ్యి వేసి మంచం దగ్గరికి తీసుకెళ్లింది.

“మీ తాతగారి మొక్కు మాత్రం చెడనివ్వలేదమ్మా. కట్టు మీద ఒక్కరి చెయ్యీ పడలేదు.”

“ఏం మొక్కండీ?” అమ్మాయి వంగి ఆ పేలికను చూసింది. తమలో ఇలాంటిదేదీ లేదనీ, తాత ఇంట్లోంచి వెళ్లిన రోజున చేతికి ఏమీ లేదనీ చెప్పింది.

పెద్ద సిస్టర్ తను రాసిన బోర్డు వంక ఒకసారి చూసింది. “పోనీ, ఆయన్నే అడుగమ్మా,” అంది ఎలాగో.

అమ్మాయి తాత చెవి దగ్గర నోరు పెట్టి అడిగింది. ఆయన కళ్లు తెరిచాడు. మనవరాలిని పోల్చుకుని ఎడంచేత్తో ఆమె వేళ్లు గట్టిగా పట్టుకున్నాడు. కుడి చెయ్యి కమ్మీ దగ్గరే ఉంది. తర్వాత పెద్ద సిస్టర్ వైపు తిరిగి, రోజూ అనే ఆ నాలుగు మాటలే అన్నాడు. ఆవిడ చేతులు అలవాటు కొద్దీ జోడించుకున్నాయి.

అమ్మాయి బోర్డు వంకా, పెద్ద సిస్టర్ జోడించిన చేతుల వంకా చూసింది.

“ఏమంటున్నారమ్మా?”

“ఇంక గొట్టాలు పీకనని, కట్లు విప్పమని అడుగుతున్నాడండీ.”